ఏ బిల్లు గురించి అడుగుతున్నరు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందటేసుకొని కూసుంటే ఒక గమ్మతి కనవడ్డది, సగం వాటిల "బిల్లు" అన్న మాటే ఉన్నది. నర్సంపేట దిక్కు నుంచి రాసినాయనకు బిల్లు అంటే ఇందిరమ్మ ఇంటి పైసలు, వర్ధన్నపేట తమ్మునికి అసెంబ్లీల పాసయ్యేది, పరకాల చెల్లెకు దవాఖాన బిల్లు, కాజీపేట ఆయనకు కరెంటు బిల్లు. అన్నిట్ల ఎమ్మెల్యే పేరు మాత్రం కామన్. నేను తహసీల్ ఆఫీసుల టపాలు చూసుకుంట రిటైరైన మనిషిని, అసెంబ్లీ మెట్లు ఎక్కినోన్ని కాదు, కాబట్టి కాగితం ఎటు పోతదో ఆ దిక్కు నుంచే చెప్త.

*

ప్రశ్న: సార్ నమస్తే. మా ఎమ్మెల్యే మనుషులు ఇల్లిల్లు తిరిగి రంగు కరపత్రం పంచిన్రు, ప్రగతి నివేదిక అంట. అండ్ల భూముల రికార్డులకు భూభారతి చట్టం తెచ్చినం, బీసీ బిల్లు పాస్ చేసినం, కల్యాణలక్ష్మి చెక్కులు, సీఎంఆర్ఎఫ్ చెక్కులు, సీసీ రోడ్లు అన్నీ ఒకటే వరుసల ఉన్నయి. ఇవన్నీ ఆయన ఒక్కడు చేసినట్టేనా? మా ఏరియా కోసం సపరేట్‌గ బిల్లు ఏమన్న పెట్టిండా?
— వర్ధన్నపేట నుంచి డిగ్రీ చదివే ఒక తమ్ముడు

జవాబు: తమ్మీ, కరపత్రం ఫోటో గూడ పంపినవు కదా, రెండుసార్లు చదివిన. అబద్ధాలు ఏం లేవు అండ్ల, కాకపోతే బియ్యంల నూకలు కలిపినట్టు అన్నీ కలిపేసిన్రు, ఏరుకునే పని మనది.

ముందుగాల బిల్లు సంగతి. మన అసెంబ్లీల 119 మంది ఎమ్మెల్యేలు, కౌన్సిల్ల 40 మంది. బిల్లు పెట్టేది ఎక్కువ శాతం మంత్రే, ఆ శాఖ ఎవరిదైతే వాళ్లు. మామూలు సభ్యుడు గూడ సొంతంగ బిల్లు పెట్టొచ్చు, రూల్సుల ఉన్నది, కానీ అట్ల పెట్టింది పాసై చట్టమయ్యే దాకా పోవుడు చానా అరుదు. ఒక్క నియోజకవర్గం కోసం సపరేట్ బిల్లు అనేది మన దగ్గర నడిచే పద్ధతి కాదు. మీ ఊరి చెరువు కట్ట, బస్సు, డిగ్రీ కాలేజీ ఇవన్నీ జీవోలతోటి, బడ్జెట్‌తోటి వచ్చేటియి. కాబట్టి "బిల్లు పాస్ చేసినం" అంటే ఆయన చెయ్యి లేపిండని, మాట్లాడి ఉంటే మాట్లాడిండని, అంతే.

ఇంకోటి, సభల పాసైతే చట్టమైపోయిందని మనోళ్లు అనుకుంటరు. 2025 మార్చి 17న బీసీలకు 42 శాతం బిల్లులు పాసైనయి, ఒకటి చదువులు, కొలువులకు, ఒకటి స్థానిక సంస్థలకు. తెల్లారి 18న ఎస్సీ వర్గీకరణ బిల్లు పాసైంది. రెండిటికీ సభల చప్పట్లు కొట్టిన్రు. వర్గీకరణ బిల్లుకు గవర్నర్ సంతకమై ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే గెజిట్ల వచ్చింది, నెల గూడ కాలే. బీసీ బిల్లులు రాష్ట్రపతి దగ్గరికని ఢిల్లీ బండెక్కినయి. అదే సభ, అదే వారం. కరపత్రంల మాత్రం రెండూ పక్కపక్కన "పాస్" అని పచ్చ రంగుల ఉన్నయి, చట్టమైంది ఏది, తొవ్వల ఆగింది ఏది అని రాయలె. రాయరు గూడ.

ఇగ ఆడపిల్ల పెండ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి, దవాఖాన ఖర్చులకు ఇచ్చే సీఎంఆర్ఎఫ్ (ముఖ్యమంత్రి సహాయ నిధి), ఆరోగ్యశ్రీ, ఇవి సిరిసిల్లల ఉన్నయి, ఆదిలాబాద్‌ల ఉన్నయి, ప్రతిపక్షపోళ్ల నియోజకవర్గంల గూడ ఉన్నయి. ఎమ్మెల్యే చేతుల మీదుగ వస్తయి, ఎమ్మెల్యే జేబుల నుంచి కాదు. ఆయన సొంతంగ ఎంచుకునేది అంటే నియోజకవర్గ అభివృద్ధి నిధి, 2021ల ఏడాదికి 3 కోట్ల నుంచి 5 కోట్లు చేసిన్రు దాన్ని. ఏ వాడల సీసీ రోడ్డు, ఏ తండల బోరు, ఏ కులపోళ్లకు కమ్యూనిటీ హాలు అనేది ఆయన సిఫారసు, పని చేయించేది ఇంజనీరింగ్ శాఖ. అడగాలంటే అది అడుగు, ఏ ఊరికి ఎంత పెట్టినవ్ అని. అట్లనే ప్రశ్నోత్తరాల టైంల ఏం ప్రశ్న వేసినవ్ అని గూడ అడుగు. అక్కడ మంత్రి చెప్పిన జవాబు రికార్డుల ఉంటది, తర్వాత పట్టుకొని నిలదీయడానికి పనికొస్తది. కరపత్రంల ఆ ముచ్చటకు ఒక్క లైను గూడ దొరకలె నాకు, నువ్వేమన్న చూసినవా?

*

ప్రశ్న: అన్నా, మా బిడ్డ పెండ్లయి ఎనిమిది నెలలు. కల్యాణలక్ష్మి పెట్టినం. ఒకసారి తహసీల్దార్ లాగిన్ల ఉన్నదంటరు, ఒకసారి ఎమ్మెల్యే సంతకం కాలేదంటరు, క్యాంప్ ఆఫీసుకు పోతే లిస్టే రాలేదంటరు. బిడ్డకు ఇప్పుడు ఐదో నెల. ఇంక తులం బంగారం గూడ ఇస్తరని మా వాడల అనుకుంటున్నరు, నిజమేనా?
— హసన్‌పర్తి దగ్గరి నుంచి ఒక తల్లి

జవాబు: అక్కా, ముందుగాల బిడ్డ పైలం. పైసలు ఇయ్యాల కాకపోతే రేపొస్తయి.

బంగారం ముచ్చట 2023 ఎలక్షన్లప్పుడు కాంగ్రెస్ మేనిఫెస్టోల ఉన్న మాట, లక్షతో పాటు తులం అని. మీ దరఖాస్తు నడుస్తున్న జీవోల మాత్రం ఉన్నది 1,00,116 రూపాయలు. 2014 అక్టోబర్ 2న స్కీం మొదలైనప్పుడు 51,000 ఉండె, 2017ల 75,116 అయింది, 2018ల లక్షా నూటపదహారు అయింది. చెక్కు మీ పేరు మీద వస్తది, అంటే పెండ్లిపిల్ల తల్లి పేరు మీద. అందుకే మీ ఆధార్ల పేరు, బ్యాంకు పుస్తకంల పేరు ఒక్కతీరుగ ఉన్నదా లేదా ఇప్పుడే చూసుకోన్రి. ఆధార్ల ఇంటి పేరు ఒకటి, పాస్‌బుక్కుల తల్లిగారి ఇంటి పేరు ఇంకొకటి ఉండి చెక్కు చేతిల పట్టుకొని బ్యాంకు చుట్టు తిరిగినోళ్లను మస్తు మందిని చూసిన.

ఇప్పుడు కాగితం తొవ్వ చెప్త. ఆన్‌లైన్ల పెట్టిన దరఖాస్తు తహసీల్ ఆఫీసుకు వస్తది, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి ఎంక్వైరీ చేస్తడు, పిల్లకు పెండ్లినాటికి 18 ఏండ్లు నిండినయా, పెండ్లి నిజంగ అయిందా అని చూస్తడు, తర్వాత ఎమ్మెల్యే సంతకం, తర్వాత ఆర్డీవో సాంక్షన్, తర్వాత ట్రెజరీకి బిల్లు, ఆ తర్వాత చెక్కు. అంటే ఎమ్మెల్యే సంతకం నడుమల ఒక మెట్టు, ఆఖరి మెట్టు కాదు. అసలు లేటు ఎక్కువ సార్లు ట్రెజరీ కాడ అయితది, బడ్జెట్ రిలీజ్ కాక, ఆ మాట మీ మొఖాన ఎవ్వరూ చెప్పరు, తహసీల్ ఆఫీసోళ్లు ఎమ్మెల్యే మీదికి నూకుతరు, క్యాంప్ ఆఫీసోళ్లు తహసీల్ మీదికి నూకుతరు, నడుమల మీ చెప్పులు అరుగుతయి.

మీరు చెయ్యాల్సింది ఏందంటే దరఖాస్తు నంబర్ కాగితం తీసుకొని మీసేవల గానీ, ఇంటర్నెట్ తెలిసిన పిల్లగానితోటి గానీ ఈపాస్ సైట్ల స్టేటస్ చూపియ్యున్రి. ఏ లాగిన్ల ఉన్నదో అండ్ల ఉంటది. తహసీల్దార్ కాడ ఉంటే తహసీల్ ఆఫీసుకు పోవాలె, ఎమ్మెల్యే కాడ ఉంటే క్యాంప్ ఆఫీసుకు పోవాలె, ఆర్డీవో సాంక్షన్ అయి ఉంటే మాత్రం ఇద్దరి కాడికీ పోయి లాభం లేదు, సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణికి పోయి ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తెచ్చుకోన్రి.

చెక్కు తయారైనంక గూడ ఒక తిప్పలు ఉంటది. పంపిణీ ప్రోగ్రాం పెట్టాలె, ఎమ్మెల్యే డేటు ఇయ్యాలె, ఫంక్షన్ హాలు చూడాలె, ఫోటోలు దిగాలె. నేను పనిచేసిన ఒక ఆఫీసుల చెక్కులు బీరువల పెట్టి ఉంచిన్రు, డేటు దొరకక రెండు నెలలు దాటింది, బ్యాంకు చెక్కు రాసిన తారీఖు నుంచి 3 నెలలే చెల్లుతది కదా, ఆఖరుకు పంచిన నాడు సార్లు మైకుల "ఇయ్యాలనే బ్యాంకుకు పోవున్రి" అని మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. ఎందుకు చెప్తున్నరో ముంగట కూసున్న తల్లులకు సమజ్ కాలే, ప్రేమతోటి చెప్తున్నరనుకున్నరు. అందుకని చెక్కు చేతికి రాంగనే ఫోటోల సంగతి తర్వాత, తారీఖు చూడున్రి.

*

ప్రశ్న: సార్, మా నాయినకు గుండె ఆపరేషన్ హనుమకొండల ఒక ప్రైవేటు హాస్పిటల్ల చేయించినం. మస్తు బిల్లు అయింది. సీఎంఆర్ఎఫ్ పెడితే మొత్తం వస్తయని ఒకతను చెప్పి ఫైలు చేస్తా అని పది వేలు అడుగుతున్నడు. ఇయ్యాల్నా?
— పరకాల నుంచి ఒక చెల్లె

జవాబు: ఇయ్యకు చెల్లె. ఒక్క రూపాయి గూడ ఇయ్యకు. ఎమ్మెల్యే క్యాంప్ ఆఫీసుల లెటర్‌కు పైసలు లేవు, దరఖాస్తుకు పైసలు లేవు.

మొత్తం వస్తయి అనేది గూడ వట్టి మాటే. సీఎంఆర్ఎఫ్ అంటే సహాయం, ఇన్సూరెన్స్ కాదు, ఎంత ఇయ్యాలనేది వాళ్ల ఇష్టం, బిల్లుల ఎంతో కొంత భాగమే వస్తది. ఆ లెక్కల మీదనే అప్పు తెచ్చుకోకున్రి. 2024 జులై నుంచి ఇది ఆన్‌లైన్ చేసిన్రు, ఎందుకంటే అంతకుముందు దొంగ బిల్లులు పెట్టి చెక్కులు లేపిన కేసులు బయటపడ్డయి. ఇప్పుడు బ్యాంకు అకౌంట్ నంబర్ తప్పకుండ ఇయ్యాలె, చెక్కు మీద గూడ అది పడుతది, ఒరిజినల్ బిల్లులు ఇయ్యాలె, ఆ బిల్లు నిజమేనా అని హాస్పిటల్‌ను అడుగుతరు.

ఒరిజినల్ అంటున్న కదా, ఇయ్యకముందే రెండు సెట్లు జిరాక్స్ తీయించు. మా బామ్మర్ది బిల్లులప్పుడు నేనే ఆ పని చెయ్యలె, ఇంట్ల అందరికీ నీతులు చెప్పేటోన్ని, నా పనికాడ మర్చిపోయిన. ఫైలు తొవ్వల ఎక్కడో పోయింది, డిశ్చార్జ్ సమ్మరీ నకలు కోసం ఆ హాస్పిటల్ చుట్టు నెలన్నర తిరిగిన, మా ఇంటామె ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తది.

ఇంకొక మాట, ఇది నీకు లేటైంది గానీ చదివేటోళ్లకు పనికొస్తది. రేషన్ కార్డు ఉన్నోళ్లు ఆపరేషన్‌కు ముందే ఆరోగ్యశ్రీ అడగాలె. 2023 డిసెంబర్ 9 నుంచి దాని లిమిట్ 5 లక్షల నుంచి 10 లక్షలైంది, ఆ హాస్పిటల్ లిస్టుల ఉంటే రిసెప్షన్ పక్కన ఆరోగ్యమిత్ర కూసుంటడు, ముందు ఆయన కాడికి పోవాలె. మనోళ్లు కంగారుల పైసలు కట్టి, డిశ్చార్జ్ అయినంక కార్డు తీస్తరు. నిమ్స్ లాంటి చోట పెద్ద ఆపరేషన్ ఉంటే ముందే ఎస్టిమేట్ కాగితం రాపిచ్చుకొని ఎమ్మెల్యే ద్వారా ఎల్‌వోసీ, అంటే ఖర్చు సర్కారు కడుతదనే కాగితం, అడగొచ్చు, అది ముందు ఇచ్చేది, సీఎంఆర్ఎఫ్ చెక్కు తర్వాత ఇచ్చేది. ఎమ్మెల్యే లెటర్ నిజంగ పనికొచ్చేది గిసొంటి కాడనే, ఆ లెటర్ కోసం అర్ధరాత్రి ఫోన్ చేసినా తప్పు లేదు.

*

ప్రశ్న: ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది, బేస్‌మెంట్ అయిపోయి నెల దాటింది, బిల్లు పడలే. కార్యదర్శిని అడిగితే కొలత ఎక్కువున్నది అంటున్నడు. ఎమ్మెల్యేతోటి చెప్పిస్తే పడుతదా?
— నర్సంపేట దగ్గర ఒక తండ నుంచి

జవాబు: కొలత ఎంతున్నదో రాయలే మీరు. అసలు సంగతే అది. 2024 మార్చి 11న భద్రాచలంల స్కీం మొదలుపెట్టినప్పటి నుంచీ 400 చదరపు అడుగులకు తక్కువ ఉండొద్దని రూల్ ఉన్నది, 600 దాటొద్దని గూడ పెట్టిన్రు. మొత్తం 5 లక్షలు, నాలుగుసార్లుగ పడుతయి, బేస్‌మెంట్ కాంగనే మొదటి లక్ష, తర్వాత గోడలు, స్లాబు, ఆఖరు పనులు. ప్రతీ సారి ఇంటి కాడికొచ్చి ఫోన్ల యాప్‌ల ఫోటో కొట్టాలె, ఆ ఫోటో ఎక్కకుంటే పైసలు కదలవు.

మన దగ్గర ఏమైతదంటే, ఎట్లయినా కడుతున్నం గదా ఇంకో అర్ర ఏసుకుందాం అని ముగ్గు పోసినప్పుడే పెంచుతరు. మేస్త్రి గూడ ఏసుకో అంటడు, ఆయనకేం పోయింది. 600 దాటితే ఎమ్మెల్యే కాదు గదా మంత్రి చెప్పినా ఆ యాప్ వినదు. జర మీరే టేపు పట్టి కొలిచి చూడున్రి, కొలత లోపలనే ఉంటే హౌసింగ్ ఏఈని (ఇంజనీరును) మోకా మీదికి రమ్మని మళ్ల కొలిపియ్యున్రి. దాటి ఉంటే గోడలు లేవకముందే సరిచేసుకునే ఉపాయం ఏఈనే అడగాలె, నేను చెప్తే సాగదు.

*

ప్రశ్న: పెద్దన్నా దండాలు. మా నాయిన 2006ల తెల్లకాగితం మీద రెండెకరాలు కొన్నడు. అప్పటి సంది మోకా మీద మేమే ఉన్నం. 2020 నవంబర్ మొదట్ల మీసేవల సాదాబైనామా దరఖాస్తు పెట్టినం, రసీదు ఉన్నది. అమ్మినాయన పోయిండు, కొడుకుల పేరు మీద విరాసత్ అయింది, రైతుభరోసా వాళ్లకే పడుతున్నది. భూభారతి బిల్లు పాసైంది కదా, ఇప్పుడు మాకు పట్టా అయితదా? ఎమ్మెల్యే "అయితది" అన్నడు.
— ములుగు జిల్లా వెంకటాపూర్ నుంచి ఒక రైతు

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం చదివినంక టపా సెక్షన్ల కట్టలు కట్టలు వచ్చిన దరఖాస్తులు యాదికొచ్చినయి. అది ఎందుకాగిందో చెప్త, ఎందుకంటే అసెంబ్లీ బిల్లుకు మన చెలకకు సంబంధం ఏందో తెలువాలంటే నీ కేసు కంటే మంచిది ఇంకోటి దొరకదు.

2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా సాదాబైనామాల, అంటే రిజిస్ట్రేషన్ లేకుంట తెల్లకాగితం మీద కొన్న భూముల, దరఖాస్తులు తీసుకున్నరు. ఆ నడుమలనే, అక్టోబర్ 29న, కొత్త ఆర్ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం, ఆ రికార్డుల ధరణి పోర్టల్ రెండూ వచ్చినయి. ఆ కొత్త చట్టంల సాదాబైనామాను క్రమబద్ధం చేసే సెక్షనే లేదు! దరఖాస్తులు తీసుకునుడు ఒక దిక్కు నడుస్తనే ఉన్నది, చేసే అధికారం మాత్రం చట్టంల లేదు. కేసు హైకోర్టుకు పోయింది, ఆగింది. లక్షల మంది కాగితాలు ఆగినయి ఒక్క సెక్షన్ రాయక. సభల ఆ బిల్లు మీద చర్చ నడిచిన నాడు మన 119 మందిల ఒక్కరన్న గట్టిగ పట్టుకొని ఈ సెక్షన్ ఏది అని అడిగి ఉంటే నువ్వు ఇన్నేండ్లు తిరిగేటోనివి కాదు. చెక్కుల ఫంక్షన్ కంటే ఆ దినం పెద్దది అని నేననేది అందుకే. ఇది నా కడుపుమంట, ఏమనుకోకు.

భూభారతి బిల్లు 2024 డిసెంబర్ 18న పెట్టి 20న పాస్ చేసిన్రు, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లకి వచ్చింది, ముందుగాల పైలట్ కింద తీసుకున్న నాలుగు మండలాల్ల మీ వెంకటాపూర్ ఒకటి. అండ్ల సాదాబైనామాకు సెక్షన్ ఉన్నది, కోర్టు స్టే గూడ 2025 ఆగస్టుల పోయింది. 2014 జూన్ 2 కంటే ముందు కొన్నదై ఉండాలె, ఆ 2020 దరఖాస్తు ఉండాలె, నీకు రెండూ ఉన్నయి. కాబట్టి తొవ్వ ఉన్నది. "అయితది" అని మాత్రం నేను అనను, ఎమ్మెల్యే గూడ అనకుంటే బాగుండు, ఎందుకంటే తీర్పు చెప్పేది ఆర్డీవో, అవతలోళ్లకు నోటీసు ఇచ్చి విచారణ చేసినంకనే.

నీ కేసుల ఇబ్బంది అమ్మినాయన కొడుకులు. ఒప్పుకుంటే పని ఈజీ. నలుగురు పెద్దమనుషుల్ల కూసొని మాట్లాడుకోన్రి ముందు, రైతుభరోసా ఏడాదికి ఎకరానికి 12,000 పడుతుంటే వాళ్లకు ఒప్పుకోబుద్ధి కాదు, అది మనిషి గుణం. ఒప్పుకోకుంటే మోకా నీదే అని చూపెట్టాలె. ధరణి వచ్చినంక పహాణీల అనుభవదారు కాలం తీసేసిన్రు, కాబట్టి అంతకుముందటి పాత పహాణీలు తీయించు, నీ నాయిన పేరు అనుభవదారు కింద ఎన్నేండ్లు ఉంటే అంత బలం. శిస్తు రసీదులు, బోరు కరెంటు సర్వీసు నీ పేరు మీద ఉంటే ఆ బిల్లులు, చుట్టుపక్కల చెలకలోళ్ల వాంగ్మూలం. తెల్లకాగితం ఒరిజినల్ మాత్రం ఎవ్వరికీ ఇయ్యకు, ఆఫీసుల చూపెట్టు, జిరాక్స్ ఇయ్యి, ఇంటికి పట్టుకరా. లామినేషన్ చెయ్యకు, కొందరు పైలం అని ప్లాస్టిక్ వేయిస్తరు, రేపు ఆ సంతకం, వేలిముద్ర పరీక్షకు పోవాలంటే కష్టం.

ఆర్డీవో కాదంటే కలెక్టర్ కాడ అప్పీల్ ఉన్నది. ధరణి చట్టంల ఈ సౌలత్ లేకుండె, సివిల్ కోర్టు మెట్లే గతి. ఆర్డరు కాగితం చేతికొచ్చిన తారీఖు రాసి పెట్టుకో, అప్పీల్ గడువు లెక్క ఆడి నుంచే.

*

ప్రశ్న: మాకు ఎప్పుడూ జీరో బిల్లే వచ్చేది. పోయిన నెల ఒక్కసారే వెయ్యికి పైన వచ్చింది. ఎమ్మెల్యే ఆఫీసుల కంప్లైంట్ ఇయ్యాల్నా?
— కాజీపేట నుంచి ఒకాయన

జవాబు: ఎమ్మెల్యే ఏం చేస్తడు పాపం. కాగితం మీద యూనిట్లు చూడున్రి. గృహజ్యోతి స్కీం కింద ఫ్రీ కరెంటు 200 యూనిట్ల దాకనే, 201 అయితే మొత్తం బిల్లు కట్టవలసిందే, పైన ఒక్క యూనిట్‌కే కాదు. ఎండకాలం కూలర్ రాత్రంత నడిస్తే దాటుడు ఎంతసేపు. 200 లోపలనే ఉండి బిల్లు వచ్చి ఉంటే, రీడింగ్ ఏ తారీఖున తీసిన్రో, రేషన్ కార్డుకు మీ సర్వీసు నంబరే ఎక్కి ఉన్నదా, పై పోర్షన్ మీటర్ నంబర్ ఎక్కిందా, అది చూసుకోన్రి. మీటర్ ఫోటో ఒకటి కొట్టి పట్టుకపోన్రి. నక్కలగుట్ట కరెంటోళ్ల హెడ్డాఫీసు దాక పోయే పని లేదు, ముందు మీ సెక్షన్ ఏఈ ఆఫీసుల అడుగున్రి.